ఉప్పుకు పలికిన మేక

ఈ సంగతి ఇప్పుడైనా రాసిపెట్టకపోతే ఇంకొన్నేళ్ళకు నేను మంత్రగాణ్ణి అయిపోయేలా ఉన్నాను. మొన్న అర్ధవీడు పక్కన ఒక పెళ్ళికి పోయినప్పుడు, ముఖం కూడా తెలియని ముసలాయన ఒకాయన నా మోచెయ్యి పట్టుకుని పందిరి వెనక్కి తీసుకుపోయి, "నువ్వే గదా నాయనా, కోసిన మేకను మళ్ళా కదిలించినోడివి? మా బర్రె పండుకునింది, లేస్తల్యా. ఒకపారి వచ్చి చెయ్యి పెట్టిపో" అన్నాడు. నేను చేసిందేమీ లేదనీ, ఉప్పు వేసినందుకే అది కదిలిందనీ, ఆ ఉప్పు వేసింది కూడా మా పెద్దమ్మేననీ చెప్పాను. ఆయన మెల్లగా తల ఊపాడు. శక్తులున్నవాళ్ళు ఇట్లాగే తప్పించుకుంటారని ఆయనకు ముందే తెలిసినట్టుంది ఆ ఊపడం. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివినవాళ్ళు బర్రెలకూ ఎద్దులకూ నన్ను పిలవరని ఆశ.

ఆ రోజుల్లో నేను మార్కాపురంలో ఒక పలకల షెడ్డులో పనిచేసేవాణ్ణి. రాయి కోసే మిషను పక్కన నిలబడి, వచ్చిన పలకలను సైజు ప్రకారం పేర్చడం నా ఉద్యోగం. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా నల్లటి పొడి పేరుకునేది. ముఖం కడుక్కుని నేరుగా లైబ్రరీకి పోయేవాణ్ణి. పదో తరగతితో ఆగిన చదువును అక్కడే పూర్తి చేస్తున్నానని నా నమ్మకం. (లైబ్రరీ మేడమ్ నమ్మకం వేరు. నేను తిరగేసిన పుస్తకాల అంచులకు నల్ల వేలిముద్రలు పడుతున్నాయని, కిటికీలో నాకోసమే ఒక సబ్బుబిళ్ళ పెట్టింది.) ఆ కిటికీ పక్క బీరువాలో అట్ట ఊడిపోయిన లావుపాటి శరీరశాస్త్రం పుస్తకం ఒకటి ఉండేది. నా కంటే ముందు దాన్ని చెదపురుగులు మాత్రమే శ్రద్ధగా చదివాయి. మనిషి నరాల్లోనూ కండల్లోనూ కరెంటు పుడుతుందని అందులోనే చదివాను. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వేలు కదిపి చూసుకోవడం, కనురెప్ప ఆర్పి చూసుకోవడం. నా లోపల ఇంత వ్యవహారం నాకు చెప్పకుండా ఇన్నేళ్ళుగా జరుగుతోందంటే ఒక రకంగా గర్వంగానూ, ఇంకో రకంగా ఒంట్లో ఎవరో అద్దెకున్నట్టు భయంగానూ ఉండింది. మర్నాటి నుంచి దొరికినవాళ్ళకల్లా చెప్పడం మొదలుపెట్టాను. టీకొట్టు ఆయన అంతా విని, "కరెంటు సరే, చక్కెర ఎయ్యాల్నా వద్దా?" అన్నాడు.

అప్పుడే మా పెద్దనాయనకు బాగాలేకుండా వచ్చింది. మా నాయనకు అన్న ఆయన. అర్ధవీడు వైపు మెట్టభూమి, ఒక బోరు, కొద్దిగా మిరప. బోరు దగ్గర మోటరు ఆన్ చేయబోయి ఉన్నట్టుండి కూలబడిపోయాడు. కొంచెంసేపటికి లేచి, ఏమీ జరగనట్టు మోటరు ఆన్ చేశాడు. తరువాత ఇంకోసారి పడ్డాడు. మార్కాపురం తీసుకువస్తే, డాక్టరు ఛాతీకి వైర్లు తగిలించి గీతలు తీసి, గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోందనీ, మధ్యమధ్య ఆగి ఆలోచిస్తోందనీ, ఒంగోలు పోయి చర్మం కింద చిన్న మిషను పెట్టించుకోవాలనీ, ఆలస్యం చేస్తే ఈసారి పడితే లేవకపోవచ్చనీ చెప్పాడు. పెద్దనాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అమ్మోరికి మేకను మొక్కుకున్నా. అది ఇచ్చినాక పోతా" అన్నాడు. ఆయన మాట అంటే అంతే. ఆదివారం మేక, సోమవారం పొద్దున కంభం నుంచి కారు అని అందరం ఒప్పుకున్నాం.

ఆ ఆదివారం బస్సు దిగుతుండగా నా ఎడమ కన్ను అదిరింది. మగవాళ్ళకు ఎడమ కన్ను అదిరితే చెడు అంటారు. నేను నవ్వుకున్నాను. కనురెప్ప కండకు పోయే నరం అలసిపోయి తనంతట తాను సిగ్నలు కొడుతోందని నాకు తెలుసు. తెలిసి కూడా అరచేత్తో కాసేపు నొక్కి పట్టుకున్నాను.

మా వైపు ఒక ఆచారం ఉంది. అమ్మవారి ముందు మేక మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఇంకా అడగాలి. ఊరి బయట నల్లరాతి నేల మీద నిలబెట్టిన రాయి, దాని పక్కన ఒక వేపచెట్టు, వెనక ఎండకు తెల్లబడిన నల్లమల కొండలు. గాలి లేదు. మేక మీద నీళ్ళు పోశారు. అది కదల్లేదు. మళ్ళీ పోశారు. గడ్డం కింద నుంచి పసుపునీళ్ళు చుక్కచుక్కగా కారుతుంటే, అది వేరే ఎవరినీ చూడకుండా పెద్దనాయననే చూస్తూ నిలబడింది. నమిలే నోరు కూడా ఆపింది. అంతసేపు కదలకుండా నిలబడిన మేకను నేను ఎప్పుడూ చూడలేదు. మా వెంట వచ్చిన ఊరకుక్క కూడా ఎముక కోసం దగ్గరకు రాకుండా దూరంగా రాళ్ళ మీద కూర్చుని చూస్తోంది.

"ఏందమ్మా, ఏం తక్కువ జేసినాం నీకు" అంది పెద్దమ్మ రాయి వైపు తిరిగి, మెల్లగా.

పెద్దనాయన ముఖానికి చెమట పట్టింది. ఆయన్ను ఎండలో ఇంకాసేపు నిలబెడితే ఏమవుతుందోనని అందరికీ భయంగా ఉంది. చివరకు మా బావ (పెద్దనాయన అల్లుడు, కరెంటాఫీసులో లైన్‌మెన్, నిద్రలో కూడా జేబులో టెస్టరు ఉండే మనిషి) గొంతు సవరించుకున్నాడు.

"ఇదిలించింది మామా. చెవి. నేను చూసినా."

"ఏ చెవి?" అన్నాడు పెద్దనాయన.

"ఈ పక్కది. ఇట్ల అనింది."

"మాకెవురికీ కనపళ్ళేదే?"

"స్తంభమెక్కి పన్జేసేవోణ్ణి మామా, మాకు కండ్లు బాగ కనపడాల. లేకుంటే ఎప్పుడో పోయుందుము."

ఆ చెవి సాక్ష్యం మీదే మేక తెగింది.

ఇంటికి తెచ్చి, పెరట్లో వేపనీడన ముక్కలు కొట్టి, వెడల్పాటి సత్తు బేసిన్లో పోశారు. కోసి ఎంతోసేపు కాలేదు, మాంసం ఇంకా వెచ్చగా ఉంది. అప్పటికి మా చర్చి అత్త ప్రార్థన ముగించుకుని తెల్లచీరతో అటే వచ్చి ఉల్లిగడ్డలు తరగడానికి కూర్చుంది. (ఆమె పక్క పాళెంలో ఉండే మనిషి, పెద్దమ్మతో కలిసి ఎన్నో ఏళ్ళు మిరపకాయ కోతకు పోయింది. అమ్మవారికి ఇచ్చిన మాంసం ముట్టదు గాని, దానికి ఉల్లిగడ్డలు తరగడానికి ఆమెకు అభ్యంతరం లేదు.) పెద్దమ్మ దోసెడు రాళ్ళుప్పు, పసుపు వేసి, చేత్తో కలిపి, చెయ్యి బయటికి తీసింది. నేను బావతో మాట్లాడుతూ బేసిన్ వైపే చూస్తున్నాను. పైనున్న తొడముక్క ఒకటి, ఈగ వాలితే గొడ్డు చర్మం జలదరించినట్టు, జలదరించింది.

ఎండ కదిలిందేమో అనుకున్నాను. పక్క ముక్క జలదరించింది. తరువాత దాని కింది ముక్క. మెల్లగా బేసిన్ అంతా, అడుగున ఏదో పండుకుని ఊపిరి తీస్తున్నట్టు, అక్కడొకటీ ఇక్కడొకటీ ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉంది. చప్పుడు కూడా ఉంది. తడి తడిగా, చాలా చిన్న చప్పుడు. కత్తిపీట ఆగిపోవడం వల్ల అది వినిపించింది.

పెద్దమ్మ చేతులు రెండూ గాల్లో పట్టుకుని వెనక్కి జరిగింది. "అప్పుడు ఇదిలించల్యా" అంది. "ఇప్పుడు ఇదిలిస్తాంది."

ఒళ్ళు విదిలించాల్సిన మేక ఇప్పుడు, ఒళ్ళంటూ లేనప్పుడు, విదిలిస్తోంది. మంచం మీద నుంచి పెద్దనాయన లేచి వచ్చి బేసిన్‌లోకి చూశాడు. "ఇది ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?" అని అడిగాడు. కత్తి పడకముందు విదిలిస్తే ఏమిటో ఆచారం చెబుతుంది గాని, పడ్డాక విదిలిస్తే ఏమిటో ఏ పెద్దా చెప్పిపోలేదు. "చెవి సంగతి అబద్ధం జెప్తిరి. అమ్మోరికి కోపమొచ్చింది" అన్నాడు ఆయనే. "కారు వద్దని చెప్పు. నేను ఒంగోలు పోను."

ఇక నేను ఆగలేకపోయాను. ఇన్ని నెలలు లైబ్రరీ సబ్బు అరగదీసింది ఈ రోజు కోసమే అనిపించింది. అందరి మధ్యకు వచ్చి నిలబడి (చెయ్యి కూడా ఎత్తాను, ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది), "పెద్దనాయనా, ఇది అమ్మోరు గాదు, సోడియం" అన్నాను.

"అదెవరు?" అంది పెద్దమ్మ.

"ఉప్పులో ఉంటాది పెద్దమ్మా. కండలో ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర. లోపల సోడియం తక్కువ, బయట ఎక్కువ. చెరువుకు కట్ట ఉన్నెట్ట అనుకో. కట్టకు తూములుంటాయి. తూము లేస్తే సోడియం లోపలికి దూకుతాది. దూకితే కరెంటు పుడతాది, ఆ కరెంటుకు కండ ముడుచుకుంటాది. మామూలుగా నరం వచ్చి తూము లేపుతాది. ఇప్పుడు నరం తెగిపోయింది గాబట్టి ఉప్పే లేపుతాంది. మేక చచ్చిపోయింది. కానీ దాని కండకు ఆ సంగతి ఇంకా తెలీదు."

ఆ చివరి మాట పుస్తకంలో లేదు. అప్పటికప్పుడు నాకే తోచింది, చాలా బాగుందనుకున్నాను కూడా. పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తెలీదా? అయ్యో, తెలీకముందే ఉప్పేస్తినే" అంది. చర్చి అత్త తరిగిన ఉల్లిగడ్డలను కొంగులోకి తీసుకుని, బేసిన్‌కు దూరంగా జరిగింది. "నేనెట్లాగూ తినను వదినా. ఈరోజు మీరు గూడా తినేటట్టు లేరు" అంది.

"కరెంటంటున్నావు గదా బామ్మర్దీ" అన్నాడు బావ, జేబులోంచి టెస్టరు తీస్తూ. "కరెంటుంటే ఇది ఎలగాల." వద్దనేలోపే వంగి, ఇంకా అదురుతున్న ముక్కకు టెస్టరు ఆనించాడు. ముక్క టెస్టరు మొన కిందే జలదరించింది. దీపం వెలగలేదు. "సూసినావా. సప్లై లేదు."

"చాలా తక్కువ ఉంటాది బావా. ఓల్టులో పదో వంతు గూడా ఉండదు. టెస్టరుకు అందదు."

"ఓల్టు గూడా లేనిదానికి ఇంత ఎగురుడా? మా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అంతంత ఓల్టేజీ పెట్టుకుని మోటర్లు తిరగవు."

అదే సమయానికి నా ఎడమ కన్ను మళ్ళీ అదిరింది. ఈసారి నవ్వు రాలేదు. బేసిన్‌లో ముక్క, నా కన్ను ఒకే వేగంతో కొట్టుకుంటున్నట్టు అనిపించింది. నేను చెప్పిన ప్రతి ముక్కా నిజమే. అది నిజం కావడమే నన్ను ఇంకా భయపెట్టింది. నా కనురెప్పలోనూ, బేసిన్‌లోనూ, పెద్దనాయన ఛాతీలోనూ ఒకే పని జరుగుతోంది. వాటిలో ఒకదానికి యజమాని లేడు, అంతే తేడా.

పెద్దనాయన ఒక్కడే దూరం జరగలేదు. ఆయన ఆ తొడముక్కను ఎత్తి మోదుగాకులో పెట్టుకుని, గుప్పెడు ఉప్పు తీసుకుని, మంచం మీద కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"నా గుండె సంగతి జెప్పు. దానికెవరు లేపుతారు తూము?"

"ఎవురూ లేపాల్సిన పన్లేదు పెద్దనాయనా. గుండెలో ఒక చోట కొన్ని కణాలుంటాయి. అవి వాటంతట అవే లేపుకుంటా, దించుకుంటా ఉంటాయి. పుట్టకముందు నుంచీ. నీకు అవి అలిసిపోయినాయి. ఆ మిషను బ్యాటరీతో, నువ్వు మర్చిపోతివే, అని గుర్తు చేస్తాది."

"అంటే ఈ ఉప్పు మాదిరి."

"మాదిరే." (పుస్తకం ప్రకారం కాదు. కానీ అప్పటికి పుస్తకం మీద నాకు పట్టుదల పోయింది.)

ఆయన రెండు వేళ్ళతో ఉప్పు తీసి ముక్క మీద వేశాడు. అది జలదరించింది. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. మళ్ళీ వేశాడు. జలదరించింది, కాస్త ఆలస్యంగా. ఆయన తల వంచి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదిపాడు. పెరట్లో మధ్యాహ్నపు ఎండ తెల్లగా నిలబడి ఉంది. కాకులు కూడా అరవడం లేదు. మళ్ళీ ఉప్పు వేశాడు. ముక్క ఒక కొసన చిన్నగా వణికి, అంతటితో ఊరుకుంది. ఇంకా వేశాడు. ఉప్పు ముక్క మీద కుప్పగా పేరుకుంది. ముక్క కదల్లేదు. వేలితో తట్టాడు. అది మాంసం. ఇందాకటి వరకూ ఏమిటో చెప్పలేను గాని, ఇప్పుడు మాంసం.

బేసిన్ వైపు చూశాను. అక్కడ కూడా అంతా ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు.

"ఏమాయ?" అన్నాడు పెద్దనాయన.

"సోడియాన్ని మళ్ళీ బయటికి ఎత్తిపోసే మోటరు లాంటిది ఒకటి ఉంటాది పెద్దనాయనా. తిండి లేక అది ఆగిపోయింది. లోపల, బయట నీళ్ళు సమం అయిపోయినాయి. ఇంక తూము లేపినా దూకేదానికేం లేదు."

"ఎంత ఉప్పేసినా?"

"ఎంతేసినా."

బోరు మోటరు ఆగితే ఏమవుతుందో ఆయనకు నేను చెప్పక్కరలేదు. కాసేపు ఆ ముక్కనే చూశాడు. తరువాత లేచి, మిగిలిన ఉప్పు గుప్పిట్లోనే పెట్టుకుని, "అల్లుడూ, ఆ కంభం కారోడికి ఫోన్ కొట్టు" అన్నాడు.

"రేపొద్దునికి చెప్పినాం గదా మామా."

"రేపు గాదు. ఇప్పుడు. గుండె పలికేటప్పుడే పోవాల."

చర్చి అత్త ఉల్లిగడ్డలు కింద పెట్టి, ఆయన ముందు నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. పెద్దమ్మ అమ్మవారి కుంకుమ ఆయన నుదుటి మీద పెట్టింది. ఆయన ఇద్దరికీ వంగాడు. ఆ పూట ఏ సాయాన్నీ వద్దనే స్థితిలో ఆయన లేడు.

కారులో ఆయన వెంట నేను పోయాను. దారిలో పొదిలి దగ్గర టీకి ఆపితే కూడా ఆయన గుప్పిట విప్పలేదు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని తాగాడు. ఒకచోట మాట మధ్యలో ఆపి, కళ్ళు తేలేసి, సీటుకు ఒరిగిపోయాడు. నేను ఛాతీ మీద చెవి పెట్టాను. ఏమీ లేదు. నేను చదివిందంతా ఆ ఏమీ లేనితనంలో నిలబడిపోయింది. తరువాత లోపల ఎక్కడో, దూరంగా, తలుపు మీద ఒకసారి తట్టినట్టు వినిపించింది. ఇంకోసారి తట్టింది. ఆయన కళ్ళు తెరిచి, "యాడికొచ్చినాం?" అన్నాడు. ఒంగోలు ఆసుపత్రిలో నర్సు ఆయన చేతికి సూది పెట్టబోతూ, గుప్పిట్లో ఏముందని అడిగింది.

"ఉప్పు."

"ఎందుకు తాతా?"

"మీ మిషను వచ్చేలోపల అవసరం పడితే ఏసుకుందామని."

మిషను పెట్టిన డాక్టరు, ఒక రోజు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి ఇష్టపడలేదు. మర్నాడు మధ్యాహ్నం బావ క్యారియరులో మేక కూర తెచ్చాడు. ఊళ్ళో అందరూ తిన్నారట, చాలా బాగుందట. పెద్దమ్మ కూడా తినిందట. నేను మూత తీసి, ఒక ముక్క వైపు చాలాసేపు చూసి, మూత పెట్టేశాను. "అంతా తెలిసినోడు గదా, తిను బామ్మర్దీ" అన్నాడు బావ. అంతా తెలిసినవాడు ఆ రోజు రెండు అరటిపండ్లు తిన్నాడు.

పెద్దనాయన ఇప్పటికీ మిరప వేస్తున్నాడు. మిషను బ్యాటరీ ఒకసారి మార్చారు. ఎవరైనా వస్తే చొక్కా పక్కకు జరిపి, భుజం కింద ఉబ్బిన చోటు చూపించి, "లోపల ఉప్పేసే మనిషిని పెట్టుకున్నా, జీతం లేదు" అంటాడు. నేను ఇప్పుడు పలకల షెడ్డులో లేను, పుస్తకాలు మాత్రం వదల్లేదు. ఎడమ కన్ను అదిరితే కారణం ఇదివరకటి కంటే వివరంగా చెప్పగలను. చెబుతూనే అరచేత్తో నొక్కి పట్టుకుంటాను. చెయ్యెత్తి సోడియం గురించి ఉపన్యసించిన ఆ నల్లపొడి కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, వాడి ధైర్యం మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది. వాడికి అంతా అర్థమయింది. నాకు అంత అర్థం కాదు.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలి. సబ్బుబిళ్ళ పెట్టిన లైబ్రరీ మేడమ్‌కు. ఆ ఉప్పు వేసిన పెద్దమ్మకు. ఇద్దరు దేవుళ్ళ మధ్య ఉల్లిగడ్డలు తరిగిన చర్చి అత్తకు. చూడని చెవిని చూసినందుకు బావకు (ఆయన ఈనాటికీ చూశాననే అంటాడు). రాసిందంతా చదివించుకుని విని, "నేను ఉప్పు పారెయ్యలేదు, అది గూడా రాయి" అన్న పెద్దనాయనకు. అది ఇప్పటికీ ఆయన పెట్టెలో చిన్న గుడ్డమూటలో ఉంది. చివరగా, ఆ మేకకు. అడిగినంతసేపూ మాట్లాడకుండా నిలబడి, ఆయనకు అవసరమైనప్పుడు పలికి, ఇంకా అవసరమైనప్పుడు ఊరుకున్నందుకు.